రోజూ ఆఫీసుకి మెక్‌లారెన్ స్పైడర్‌లో వెళ్లొచ్చా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గుంటూరు. ఉండేది టెక్సస్‌లో, ఫ్రిస్కో. వయసు 44. ఇరవై ఏళ్లుగా హోండా అకార్డులు, టయోటా హైలాండర్లే నడిపాను. ఈ మధ్య 2018 మెక్‌లారెన్ 570ఎస్ స్పైడర్ ఒకటి చూశాను. 14 వేల మైళ్లు తిరిగింది, 1,30,000 డాలర్లు చెబుతున్నారు. డబ్బు ఇబ్బంది లేదు. గ్యారేజీలో పెట్టి ఆదివారం తుడుచుకునే బండి నాకు వద్దు. వారానికి మూడు రోజులు డాలస్ డౌన్‌టౌన్‌లో ఆఫీసుకి, ఒకవైపు 28 మైళ్లు, అందులోనే వెళ్లాలని ఉంది. హైలాండర్ అమ్మేద్దామనుకుంటున్నా, మా ఆవిడకి టెస్లా ఉంది. ఆవిడేమో "పిచ్చి ముదిరింది" అంటోంది. ఫ్రెండ్స్ "అంత ఉబలాటంగా ఉంటే పోర్షా 911 కొనుక్కో" అంటున్నారు. అబ్బాయికి 15 నిండాయి. జూన్‌లో అమ్మ వస్తోంది. ఇది నిజంగా రోజూ నడిపే బండేనా? ఎండ, టాప్, రిపేర్లు... ఉన్నదున్నట్టు చెప్పు.

జవాబు:

తమ్ముడూ, అన్నా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను.

మీ పక్క ఊరు ప్లేనోలో ఉన్నప్పుడు నాలుగేళ్లు ఇలాంటి టాప్ తెరుచుకునే టూ సీటర్ ఒకటి రోజూ నడిపాను. మెక్‌లారెన్ కాదు, వేరే కంపెనీది. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆ నాలుగేళ్లలో రోడ్డు మీద అది నన్ను ఏడిపించిన సందర్భం ఒక్కటీ లేదు. నిద్ర చెడగొట్టినవన్నీ అది ఆగి ఉన్నప్పుడు జరిగినవే. ఎక్కడ ఆపాను, పైన కప్పు ఉందా, పక్కన ఎవరి బండి ఉంది, ఎక్కే చోట గట్టు ఎంత ఎత్తు, ఎన్ని రోజులు కదలకుండా ఉంది. నీ ఉత్తరంలో రిపేర్ల గురించి, ఎండ గురించి అడిగావు. ఆఫీసులో బండి ఎక్కడ పెడతావో ఒక్క ముక్క రాయలేదు. నా జవాబు సగం దాని మీదే ఆధారపడి ఉంది.

ముందు బండి గురించి నీ భయం తీర్చేస్తాను. సూపర్‌కార్ అంటే ట్రాఫిక్‌లో వేడెక్కి పొగలు కక్కేదనే మాట పాతది. 1990లో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ వచ్చి, ఇంత వేగం వెళ్లే బండి కూడా సివిక్ లాగా పొద్దున్నే బుద్ధిగా స్టార్ట్ అవ్వొచ్చని చూపించింది. ఆ తర్వాత మిగతా కంపెనీలకి మారక తప్పలేదు. 570ఎస్ స్పైడర్ 2017లో వచ్చింది. 3.8 లీటర్ల ట్విన్ టర్బో వీ8, 562 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. ఈ అంకెలు నీకు ఈపాటికి కంఠతా వచ్చే ఉంటాయి. రోజూ నడిపేవాడికి పనికొచ్చే అంకెలు వేరే. టాప్ తెరుచుకోడానికి 15 సెకన్లు, అదీ బండి 25 మైళ్ల వేగం లోపు ఉంటేనే. ముందు డిక్కీ 150 లీటర్లు. టాప్ తెరుచుకోని కూపే మోడల్‌కన్నా బరువు 46 కిలోలే ఎక్కువ.

ఈ 46 కిలోల సంగతి చెప్పాలి. మామూలు కారుకి టాప్ కోసేస్తే అట్టపెట్టెకి మూత చించేసినట్టే, పెట్టె మెలితిరగడం మొదలవుతుంది. అందుకని కింద అదనంగా ఇనుము బిగిస్తారు. బరువు పెరుగుతుంది, అయినా గతుకుల్లో ముందద్దం వణుకుతుంది. మెక్‌లారెన్‌లో నువ్వు కూర్చునేది కార్బన్ ఫైబర్ తొట్టిలో. బలమంతా ఆ తొట్టిదే, టాప్‌తో దానికి పనిలేదు. ఆ 46 కిలోలూ టాప్, దాన్ని కదిపే సామానూ. డాలస్ రోడ్ల మీద కాంక్రీటు పలకల అతుకులు టకటకా తగులుతుంటే, టాప్ తీసి ఉన్నా బండి ఒకే ముద్దలా వెళుతుంది. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, దీనికన్నా పెద్ద మెక్‌లారెన్లలో సస్పెన్షన్‌ని హైడ్రాలిక్ గొట్టాలతో కలిపే ఏర్పాటు ఉంటుంది. నడుస్తుంటే అద్భుతం, చెడితే బిల్లు కూడా అద్భుతమే. 570ఎస్‌లో అది లేదు, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే మామూలు కడ్డీలే, యాంటీ రోల్ బార్లు. రోజూ నడపడానికి ఆ కంపెనీలో ఈ బండి ఎంచుకోవడం తప్పేమీ కాదు.

నడపడంలో కొత్తగా నేర్చుకోవాల్సినవి రెండే ఉన్నాయి. ఒకటి, పాకడం మానేయాలి. నార్త్ టోల్‌వే పొద్దున ఎనిమిదింటికి ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. హైలాండర్ లాగే ఇదీ మెల్లగా జరుగుతుంది కానీ, లోపల క్లచ్ రాసుకుంటూ జరుగుతుంది. అంగుళం అంగుళం జరిపితే అది వేడెక్కుతుంది, అరుగుతుంది. ముందు మూడు నాలుగు కార్ల ఖాళీ వదిలి, ఒకేసారి కదిలి, మళ్లీ పూర్తిగా ఆగు. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనీ.

రెండోది, నువ్వు ఎవరికీ కనపడవనే అనుకుని నడపాలి. పక్కన ఎఫ్-150 లాంటి ఎత్తైన ట్రక్కు ఆగిందనుకో, నీ కళ్లకి ఎదురుగా ఉండేది దాని చక్రం నట్లు. పైన కూర్చున్నవాడికి కిటికీలోంచి నీ టాప్ కూడా కనపడదు. లేన్ మారేటప్పుడు వాడి అద్దంలో వాడి మొహం నాకు కనపడుతోందా అని చూసుకోవడం నాకు అలవాటైపోయింది. కనపడకపోతే అక్కడ ఉండను. దీనికి పూర్తిగా రివర్స్‌లో ఇంకో రకం జనం ఉంటారు. పక్క లేన్‌లోకి వచ్చి, నీతో సమానంగా నడుపుతూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తారు. వాళ్ల కళ్లు రోడ్డు మీద ఉండవు. యాక్సిలరేటర్ వదిలేసి మెల్లగా వెనక్కి తగ్గు, వాళ్లంతట వాళ్లే పోతారు. పోటీకి మాత్రం వెళ్లకు.

ఇక టాప్. దీని గురించి అమ్మేవాళ్లు చెప్పేది ఒకటి, టెక్సస్ చెప్పేది ఒకటి. 2011లో డాలస్‌లో ఉష్ణోగ్రత 100 ఫారెన్‌హీట్ తాకిన రోజులు 71. మన లెక్కలో దాదాపు 38 డిగ్రీలు. అన్ని వేసవులూ అలా ఉండవు కానీ, జూన్ నుంచి సెప్టెంబరు నడుమ దాకా పగలు టాప్ తీయడమంటే పెనం మీద కూర్చోవడమే. పొద్దున ఆరున్నరకి, రాత్రి తొమ్మిది దాటాక తీయొచ్చు. హాయిగా తీయగలిగే కాలం మార్చి, ఏప్రిల్, మే, మళ్లీ అక్టోబరు, నవంబరు. అందులో మార్చి ఆఖరున ఓక్ చెట్ల పుప్పొడి. సీట్ల మీద, డాష్ మీద, నీ చొక్కా మీద పసుపు చల్లినట్టు పడుతుంది. ఆఫీసులో మొదటి మీటింగ్ అంతా తుమ్ములే. విచిత్రంగా నాకు బాగా నచ్చింది డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు. ఎండ ఉండి, చలి ఉండి, కాళ్ల దగ్గర హీటర్ పెట్టుకుని, తల మీద ఉన్ని టోపీతో. మా ఆవిడ కూడా ఇష్టంగా ఎక్కిన రోజులు అవే.

టాప్ తీసి 70లో వెళుతూ ఫోన్ మీటింగ్‌లో మాట్లాడదామనుకుంటే కుదరదు. అవతలివాడికి తుఫానులోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. దీన్ని నేను లాభాల్లో వేసుకున్నాను.

వానలో ఒక లెక్క ఉంది. అది నాకు ఎవరూ చెప్పలేదు, తడిసి నేర్చుకున్నాను. 65లో పోతుంటే సన్న చినుకులు ముందద్దం మీంచి తల దాటి వెళ్లిపోతాయి, లోపల ఒక్క చుక్క పడదు. అక్టోబరులో ఓ సాయంత్రం అలాగే నవ్వుకుంటూ వస్తున్నా. ముందు రోడ్డు పని జరుగుతోంది, రెండు వైపులా కాంక్రీటు గోడలు, పక్కకి తీయడానికి చోటు లేదు. ట్రాఫిక్ 35కి తగ్గి అక్కడే నిలకడగా ఉండిపోయింది. 35 మైళ్ల వేగం వానని తప్పించుకోడానికి చాలదు, టాప్ వేయడానికి ఎక్కువ. వెనక ట్రక్కు. ఇంకా తగ్గిద్దామంటే భయం. అలా రెండు మైళ్లు. ఇంటికి వచ్చేసరికి కప్ హోల్డర్‌లో నీళ్లు నిండాయి. మా ఆవిడ తలుపు తీసి ఒక్క మాట అనకుండా తువ్వాలు తెచ్చి, ముందు సీటు తుడుచుకోమంది. ఆకాశం మబ్బుగా ఉంటే సిగ్నల్ దగ్గరే టాప్ వేసేయ్. ఎక్కాక చూద్దాం అనుకోకు.

టాప్ మూసి ఉన్నప్పుడు అది మడుచుకునే చోటు ఖాళీగా ఉంటుంది, 52 లీటర్లు. లాప్‌టాప్ బ్యాగు, జాకెట్ పెట్టుకోవచ్చు. పెట్టావంటే ఇక టాప్ తెరవడానికి లేదు. పొద్దున బ్యాగు అక్కడ పెట్టి, సాయంత్రం చల్లగాలి చూసి మీట నొక్కి, బ్యాగు గుర్తొచ్చి తిట్టుకుంటావు. బ్యాగు ముందు డిక్కీలో పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో.

ఆ బండిలో నీకు బాగా పనికొచ్చేది టాప్ కన్నా, సీట్ల వెనక ఉన్న చిన్న నిలువు గాజు అంటాను. మీట నొక్కితే కిందికి దిగుతుంది, టాప్ మూసి ఉన్నా దిగుతుంది. ఆగస్టులో టాప్ మూసి, ఏసీ పెట్టుకుని, పక్క అద్దాలు ఎత్తి, ఆ గాజు ఒక్కటి దించు. ఇంజన్ నీ మెడ వెనకే ఉంటుంది. టర్బోలు గాలి పీల్చడం, కాలు తీయగానే బుస్సుమని వదలడం, గేరు మారినప్పుడు చిన్న దగ్గు లాంటి చప్పుడు, అన్నీ గదిలో మాట్లాడినట్టు వినపడతాయి. ఎండ లేదు, జుట్టు చెదరదు. ఏడాదిలో సగానికి పైగా నువ్వు ఆ బండిని అనుభవించేది ఆ గాజులోంచే. కూపే కాకుండా స్పైడర్ కొనడానికి డాలస్‌లో ఉన్నవాడికి అదొక్క కారణం చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆగి ఉన్న బండి.

ఇంటి నుంచే మొదలుపెడదాం. మన ఏరియాలో చాలా ఇళ్లకి గ్యారేజీ వెనక సందులో ఉంటుంది. సందు మధ్యలో నీళ్లు పోవడానికి పల్లం, అక్కణ్ణుంచి డ్రైవ్‌వే ఒక్కసారిగా పైకి లేస్తుంది. హైలాండర్‌కి అది ఉన్నట్టే తెలియదు. ఈ బండి ముక్కు సరిగ్గా అక్కడే నేలకి ఆనుతుంది. కొనేముందు టెస్ట్ డ్రైవ్ ఎక్కడెక్కడో చేయకు. నేరుగా మీ ఇంటికి తోలుకొచ్చి గ్యారేజీలో పెట్టి చూడు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే కొనకు. ఎప్పుడూ ఏటవాలుగా ఎక్కించాలి, ఒక చక్రం తర్వాత ఒకటి. ముక్కు లేపే లిఫ్ట్ 570ఎస్‌లో ఆప్షన్, అన్ని బండ్లకీ ఉండదు. నువ్వు చూసినదానికి ఉందా? లేకపోతే ఎంత తక్కువకి ఇచ్చినా ఆ బండి వదిలేయ్. తర్వాత బిగించుకుందాం అనే ఆశ పెట్టుకోకు.

లిఫ్ట్ ఉన్నా సరిపోదు, నొక్కడం గుర్తుండాలి. నా బండికీ ఉండేది. కొన్న మూడో వారం తెలిసినవాళ్ల అపార్టుమెంట్లకి వెళ్లి, గేటు తెరుచుకుంటుంటే ఫోన్‌లో కోడ్ వెతుకుతూ లిఫ్ట్ మర్చిపోయాను. కర్ర్ మని కిందనించి ఒక చప్పుడు వస్తుంది, కొబ్బరి చిప్పని గచ్చు మీద రాసినట్టు. పళ్లు జివ్వుమంటాయి. దిగి చూస్తే పైకి ఏమీ కనపడదు. మోకాళ్ల మీద కూర్చుని తల నేలకి ఆనించి చూస్తే అప్పుడు కనపడుతుంది, నా పొట్ట ఊపిరి బిగబట్టినా కనపడనంత కింద. అపార్టుమెంటు పిల్లలు చుట్టూ చేరి "అంకుల్, ఏం పడిపోయింది?" అని అడిగారు. పరువు, అన్నాను. ఈ విషయంలో షెవర్లే కార్వెట్ వాళ్ల తెలివి మెచ్చుకోవాలి. వాళ్ల సీ8 మోడల్‌లో లిఫ్ట్ ఆప్షన్ తీసుకుంటే జీపీఎస్‌తో వెయ్యి చోట్లు గుర్తుపెట్టుకుని, అక్కడికి రాగానే ముక్కు దానంతటదే లేపుతుంది.

గ్యారేజీలో పైన సామాను పెట్టుకునే రాక్ వేలాడుతోందా? మెక్‌లారెన్ తలుపులు పైకి లేస్తాయి. కొలిచి చూడు. సంక్రాంతి బొమ్మల పెట్టెలు వేరే చోటికి మార్చాల్సి రావచ్చు.

ఆఫీసు సంగతి. డౌన్‌టౌన్‌లో కప్పు ఉన్న గ్యారేజీలో నీకంటూ ఒక స్థలం ఉంటే, అది గోడ పక్కనో స్తంభం పక్కనో చివరిదైతే, ఈ బండి కొనుక్కో. వెళ్లిన రోజు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, లేదా ఆకాశం కింద అయితే, కొనకు. ఇంత ఖరాఖండిగా ఎందుకు చెబుతున్నానంటే వడగళ్లు.

ఒక శ్రీరామనవమి సాయంత్రం ఫ్రెండ్ ఇంటికి భోజనానికి వెళ్లాను. బండి వీధిలో పెట్టాను. పానకం గ్లాసు చేతికి ఇచ్చారో లేదో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి, ఉరుములతో వడగళ్లు. నా మొహం చూసి మా వాడు అడక్కుండానే లేచి, తన ఒడిస్సీ వ్యాన్‌ని గ్యారేజీలోంచి బయటికి తీసి నా బండిని లోపల పెట్టించాడు. పావుగంటలో మొదలైంది. నిమ్మకాయలంత గడ్డలు. ఇంట్లో పదిహేను మందిమి కిటికీ దగ్గర నిలబడి ఆ ఒడిస్సీ మీద డప్పు వాయించినట్టు పడుతుంటే చూస్తున్నాం. ఎవరూ మాట్లాడలేదు. వాళ్లావిడ "పోనీలే అన్నయ్యా, ఇన్సూరెన్స్ ఉందిగా" అంది. పులిహోర గొంతు దిగలేదు నాకు. వాళ్ల డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వకుండా మన జేబులోంచి కట్టే భాగం, నేనే కట్టాను, బలవంతంగా తీసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లు మార్చి నుంచి జూన్ దాకా ఎవరింటికి వెళ్లినా నా బండిలో వెళ్లలేదు.

వడగళ్ల నష్టం కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్‌లో వస్తుంది, నిజమే. కానీ అల్యూమినియం రేకు మీద సొట్ట తీయడం ఇనుప రేకు మీద తీసినంత సులువు కాదు. బండి షాపులో నెలల తరబడి కూర్చుంటుంది. అప్పుడు ఆఫీసుకి దేనిలో వెళతావు? హైలాండర్ అమ్మేశావు కదా.

కదలకుండా ఉంటే జరిగేవి ఇంకా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. రెండు వారాలు తీయకపోతే బ్యాటరీ దిగుతుంది. ఇంట్లో ఉన్నప్పుడల్లా బ్యాటరీ టెండర్, అంటే బ్యాటరీ దిగకుండా చూసే చిన్న ఛార్జర్, తగిలించి ఉంచు. నేను ఒకసారి ఇండియా వెళుతూ, చూసిపెడతామన్న ఒక స్టోరేజీ వాళ్ల దగ్గర వదిలి వెళ్లాను. వచ్చేసరికి టెండర్ పక్కనే గోడకి వేలాడుతోంది, ఎవరూ తగిలించలేదు. బండి చచ్చి ఉంది. సమ్మర్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళితే గట్టిపడి పట్టు తగ్గుతుంది. ఫిబ్రవరి పొద్దుటి పూట మొదటి మలుపు నెమ్మదిగా తిప్పు. ఐస్ పడితే టెస్లా అడుక్కో. వాలె పార్కింగ్ వాడికి తాళం ఇవ్వకు. వాహనపూజ చేయిస్తే పసుపు, కుంకుమ ఒక కాగితం మీద పెట్టించి ఆ కాగితం బానెట్ మీద పెట్టించు. స్టీరింగ్ మీద అల్కంటారా, అంటే స్వెడ్ లాంటి మెత్తటి గుడ్డ, ఉంటే పసుపు వేలు తగలనివ్వకు, అది ఇక పోదు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు చక్రం కిందే పెట్టమని చెప్పు, ముక్కు కింద ఎత్తుగా ఏమీ పెట్టనివ్వకు.

గుడి పార్కింగ్‌లో ఇంకో ఖర్చు ఉంది, టైము. "ఎంత పడిందండీ?", "మైలేజీ ఎంతిస్తుంది?", "మా బాబుని ఒక్కసారి కూర్చోబెట్టి ఫోటో తీసుకోమంటారా?" ఇవి తప్పవు. గ్యాస్ కొట్టించడానికి ఐదు నిమిషాలు పట్టేది, ఇరవై పడుతుంది. విసుక్కుంటే ఈ బండి నీకు సరిపడదు. నాకు మూడో ఏడు విసుగొచ్చింది. నాలుగో ఏడు అమ్మేశాను. కారణాల్లో అదీ ఒకటి.

ఇన్సూరెన్స్‌లో రెండు ముళ్లున్నాయి, సంతకం పెట్టేముందే చూసుకో. ఇలాంటి బండ్లకి ముందే ఒప్పుకున్న విలువకి చేసే కలెక్టర్ పాలసీలు చవగ్గా దొరుకుతాయి. నీ ఫ్రెండ్ ఎవరో "నేను ఏడాదికి ఇంతే కడుతున్నా" అని చెబుతాడు. ఆ పాలసీల్లో చాలావాటికి రోజూ ఆఫీసుకి వెళ్లడం కుదరదు. ఆఫీసు గ్యారేజీలో ఎవడో గుద్దితే అప్పుడు బయటపడుతుంది. మామూలు ఆటో పాలసీయే తీసుకుని, ఆఫీసుకి వాడతానని, ఏడాదికి ఎన్ని మైళ్లో నిజం చెప్పు. రెండో ముడి అబ్బాయి. టెక్సస్‌లో 15కి లర్నర్ పర్మిట్, 16కి లైసెన్సు. ఇంట్లో లైసెన్సు వయసు పిల్లలు ఉంటే కంపెనీ వాడినీ లెక్కలో వేస్తుంది. ఈ బండికి వాడిని మినహాయిస్తూ సంతకం పెట్టడానికి వీలుందేమో అడుగు. అలా పెట్టాక సందు చివరిదాకా కూడా వాడు నడపకూడదు. ఇది వాడికి నువ్వే చెప్పాలి, ముందే చెప్పాలి.

డబ్బు ఇబ్బంది లేదన్నావు కాబట్టి దాని మీద ఎక్కువ రాయను. కొత్తలో 2,08,800 డాలర్లతో మొదలైన బండి నీకు ఆ ధరకి వస్తోందంటే పెద్ద దెబ్బ మొదటి యజమాని తిన్నాడు. కానీ నువ్వు రోజూ నడిపితే ఏడాదికి ఎనిమిది వేల మైళ్లు పైనే పడతాయి, మూడేళ్లలో నలభై వేలకి దగ్గరవుతుంది. ఆ అంకె చూసి కొనేవాళ్లు తగ్గుతారు. అది నష్టం అనుకోకుండా అద్దె అనుకుంటేనే కొను. కొత్త బండికి ఇచ్చే మూడేళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది. కంపెనీ తరఫున పొడిగించే వారంటీ ఈ బండికి వస్తుందా లేదా అన్నది ధరకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. డీలర్‌తో సంబంధం లేని మెకానిక్‌తో తనిఖీ చేయించు. చక్రాలు విప్పించి కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కుల అంచులు చూడమను. అవి రోడ్డు మీద చాలాకాలం వస్తాయి కానీ, టైరు మార్చేటప్పుడు ఎవడో చక్రం తగిలించి అంచు పెచ్చు లేపి ఉండొచ్చు. టాప్ వరుసగా నాలుగైదు సార్లు తీయించి వేయించు, ఒక్కసారి చూసి సరే అనకు.

మీ ఫ్రెండ్స్ చెప్పిన 911 సంగతి. టర్బో క్యాబ్రియోలే, అంటే టాప్ తెరుచుకునే రకం గురించే అంటున్నారని అనుకుంటా. వాళ్లు తప్పేమీ చెప్పలేదు. వెనక చిన్న సీట్లు, నాలుగు చక్రాలకీ పవర్, ఎక్కడికి వెళ్లినా ఎవరూ తలతిప్పి చూడరు. రోజూ నడపడానికి అంతకన్నా మంచి వేగం బండి లేదు. కానీ నువ్వు అడిగింది అది కాదు. 911 కొని, మెక్‌లారెన్ ఫోటోలు చూస్తూ కూర్చునేవాళ్లని ఇద్దర్ని చూశాను. ఇద్దరూ ఏడాదిలో మార్చేశారు, రెండు సార్లు పన్ను కట్టి. తెలివైన దారి ఏదంటే కార్వెట్ సీ8 కన్వర్టిబుల్. గట్టి టాప్, 16 సెకన్లలో, 30 మైళ్ల వేగం దాకా తెరుచుకుంటుంది. టాప్ మడిచినా వెనక డిక్కీ డిక్కీలాగే ఉంటుంది. ఊరి ఊరికీ సర్వీస్ దొరుకుతుంది. ఇంజన్ పక్కనే ఉన్న డిక్కీ వేడెక్కుతుంది కాబట్టి పెరుగు డబ్బా మాత్రం అందులో పెట్టకు. నీ స్థానంలో నేనైతే అదే కొంటాను. నీకు నచ్చదని నీ ఉత్తరం రెండో లైనులోనే అర్థమైంది.

కాబట్టి మెక్‌లారెనే అయితే ఇలా చెయ్యి. ముందు ఆఫీసు బిల్డింగ్ వాళ్లతో మాట్లాడి కప్పు కింద, చివరి స్థలం నెలవారీగా తీసుకో. అది దొరికాకే బండి మాట. తర్వాత ఇలాంటిదే ఏదో ఒకటి మంగళవారం నుంచి శుక్రవారం దాకా అద్దెకి తీసుకో. శని, ఆదివారాలు వద్దు, ఆ రోజుల్లో ఏ బండైనా బాగానే ఉంటుంది. పొద్దున టోల్‌వే మీద వెళ్లు, డౌన్‌టౌన్ గ్యారేజీ ర్యాంపు ఎక్కు, వచ్చేటప్పుడు ఇండియన్ స్టోర్‌లో ఆగి సోనా మసూరి బస్తా, కూరలు వేసుకునిరా. మూడో రోజు తాళం మీ ఆవిడకి ఇచ్చి నువ్వు పక్కన కూర్చో. పిచ్చి ముదిరిందన్న మనిషి టోల్‌వే ర్యాంపు మీద ఒక్కసారి కాలు నొక్కాక ఏమంటుందో విను. ఆవిడ వద్దంటే ఆ కారణం రాసుకో, నేను చెప్పినవాటిలో లేనిది ఏదో ఒకటి ఆవిడకి కనపడే ఉంటుంది.

హైలాండర్ అమ్మకు. అమ్మగారు జూన్‌లో వస్తున్నారన్నావు. ఆవిడ వయసుకి ఆ సీట్లోకి దిగడం ఒక కష్టం, చీరతో పైకి లేవడం ఇంకో కష్టం. అయినా సరదాగా ఒక సాయంత్రం తిప్పు, సందు చివరిదాకా, టాప్ తీసి. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకి మాత్రం హైలాండర్‌లోనే వెళ్లు. రెండు పెద్ద సూట్‌కేసులు ఉంటాయి, అందులో ఒకదాన్లో ఎన్ని కవర్లు చుట్టినా నూనె కారే ఆవకాయ ఉంటుంది.